పళ్ళెంలో రాయి

శ్రీసత్యకి కనిపించిన ప్రతివాళ్ళనీ "అండీ" అనే అలవాటు. పుట్టింటివాళ్ళది అమలాపురం పక్కన పల్లెటూరు. తండ్రికి పోర్టులో ఉద్యోగమొచ్చి వైజాగ్‌లో స్థిరపడ్డా, ఇంట్లో మాత్రం గోదావరి మాటే నిలిచిపోయింది. గ్యాస్ బండ తెచ్చేవాడూ, కూరల బండివాడూ సరే, చివరికి పెరటి గోడెక్కి కూర్చునే పిల్లిని కూడా "ఏవండీ" అనే పిలిచేది. పెదగంట్యాడలో అత్తారింట అడుగుపెట్టిన రోజునుంచీ అత్త నూకాలమ్మకి అదొక వేళాకోళం. "మా కోడలు ఇంటికి దొంగోడొచ్చినా ఏవండీ, టీ తాగుతారా అంతాది" అని వీధంతా చెప్పి నవ్వేది. శ్రీసత్య కూడా నవ్వేసి ఊరుకునేది.

మొగుణ్ణీ అందరిముందూ అలాగే పిలిచేది. ఉదయ్‌కుమార్‌ది ఓడల్లో ఇంజను రూము పని. ఏడాదిలో సగం నీళ్ళమీదే. అతను ఫోన్ చేసినప్పుడు గది తలుపు గడియపెట్టుకుని, ఫోను నోటికి ఆనించుకుని "ఉదయ్" అనేది. అతను అటువైపు కళ్ళు మూసుకుని "ఇంకోసారను" అనేవాడు. ఆ ఇంట్లో ఆ పేరు పెట్టి పిలిచే హక్కు తల్లికుంది, అన్నకుంది, పక్కింటివాళ్ళకుంది. పెళ్ళానికి మాత్రం లేదు. మొగుడి పేరు నోట పలికితే ఆయుష్షు తరిగిపోద్దని నూకాలమ్మ పెళ్ళైన కొత్తలోనే కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది. శ్రీసత్య నలుగురిలో ఎప్పుడూ పలకలేదు. పలక్కపోయినా తరిగింది.

ఆ వేసవిలో అతని ఓడ అలాస్కాలో టూరిస్టుల్ని తిప్పుతోంది. అక్కడొక నేషనల్ పార్కు ఉంది. దానికి రోడ్డు లేదు, దరిదాపుల్లో ఊరు లేదు. మంచుకొండల మధ్యకి సముద్రం సన్నటి పాయలుగా చొచ్చుకుపోయి ఉంటుంది. తిమింగలాల్నీ, మంచుగడ్డల మీద పొర్లే సీల్స్‌నీ ఉదయ్ వీడియోల్లో చూపించేవాడు. "ఒకసారి నిన్ను తీసుకొత్తాను, సూద్దువుగాని" అనేవాడు. ఒక తెల్లవారుజామున గాలికోసమని డెక్కు మీదకి వెళ్ళిన మనిషి, రెయిలింగు పక్కన కాఫీ కప్పు మిగిల్చి మాయమైపోయాడు. వెతికారు. దొరకలేదు. కంపెనీవాళ్ళు ఎంతో మర్యాదగా ఇంటివాళ్ళలో ఇద్దరికి టికెట్లు పంపించి, వచ్చి చోటు చూసుకు వెళ్ళమన్నారు. శవాన్ని ఇవ్వలేనివాళ్ళు షికారు ఇచ్చారు. మొగుడు మాట నిలబెట్టుకున్నాడని శ్రీసత్య ఏడుస్తూనే అనుకుంది.

నూకాలమ్మ పుట్టింటి తరపున ఒక పద్ధతుంది. దూరాన పోయి ఒళ్ళు దొరకనివాణ్ణి వాళ్ళు అలా గాలికి వదిలెయ్యరు. పోయినచోట ఒక రాయి ఏరి చేతపట్టుకుని, ఇంటికి రమ్మని మూడుసార్లు పిలవాలి. ఆ రాయిని కొంగున కట్టి, దారిలో ఎక్కడా నేలకి ఆనించకుండా ఇల్లు చేర్చాలి. పదోరోజు దాకా నీళ్ళపళ్ళెంలో ఉంచి, దీపం పెట్టి, పూట పూటా ముద్ద పెట్టి, తర్వాత మన సముద్రంలో కలపాలి. అప్పుడుగానీ పోయినవాడికి విడుదల లేదు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని అలా పిలవకూడదట. పిల్లలా, లేరు. పిలవాల్సింది శ్రీసత్యే. తోడుగా ఉదయ్ అన్న సన్యాసిరాజు స్టీల్‌ప్లాంటులో సెలవు పెట్టి బయల్దేరాడు.

విమానం ఎక్కేముందు నూకాలమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"గట్టిగా పిలువమ్మా. దూరం గదా, ఇనిపించాల. ఆడి పేరెట్టి మాత్రం పిలవకు సుమీ. పోయినోడికి మిగిలిన పున్నెం కూడా తరిగిపోద్ది."

అక్కడ ఆ రోజుల్లో చీకటి పడదు. సూర్యుడు కొండవెనక్కి పోయినట్టే పోయి, ఆకాశమంతా పలచని పాలరంగులో ఉండిపోతుంది. చిన్న పడవలో వాళ్ళిద్దర్నీ ఎక్కించుకుని ఒక ముసలాయన ఆ పాయలోకి తీసుకెళ్ళాడు. చీరమీద ఇంత లావు కోటు, దానిమీద నారింజరంగు లైఫ్‌జాకెట్టు. శ్రీసత్యకి తన ఒళ్ళు తనదనిపించలేదు. దారిలో నీటికుక్కలు వెల్లకిలా తేలుతూ పిల్లల్ని పొట్టమీద ఆడిస్తున్నాయి. ఒక తిమింగలం పక్కనే పైకొచ్చి ఊపిరి వదిలింది. కుళ్ళిన చేపల కంపు. సన్యాసిరాజు తువ్వాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తమ్ముడు చూసిన చోట్లని తను చూస్తున్నందుకు ఏడ్చాడు.

పాయ చివర మంచుకొండ గోడలా నిలబడి ఉంది. తెలుపు కాదు, లోపల నీలం. అప్పుడప్పుడూ అందులోంచి ఒక ముక్క విరిగి నీళ్ళలో పడుతోంది. ముందు పడ్డం కనిపిస్తుంది, తర్వాత ఉరుము వినిపిస్తుంది. అది అణిగాక మిగిలేది ఒకే శబ్దం. చుట్టూ తేలుతున్న మంచుగడ్డలు చిట్... చిట్... అంటున్నాయి, పోపులో ఆవాలు పేలినట్టు. వేల ఏళ్ళనాడు మంచులో ఇరుక్కున్న గాలి ఇప్పుడు బయటికొస్తోందని ముసలాయన ఇంగ్లీషులో చెప్పాడు.

"మనిషి దొరికే ఆశ ఏమన్నా ఉందాండీ?" అని శ్రీసత్య తనకొచ్చిన ఇంగ్లీషులో అతన్ని అడిగింది.

అతను తల అడ్డంగా ఊపాడు. ఈ చలికి శవం ఉబ్బదనీ, ఉబ్బనిది తేలదనీ చెప్పాడు. తన తాతల కాలంనుంచీ ఇక్కడ మునిగినవాళ్ళు ఒక్కరూ పైకి రాలేదట. వేటగాళ్ళు, జాలర్లు, బంగారం తవ్వడానికొచ్చినవాళ్ళు... అందరూ కిందనే, ఎలా పడ్డవాళ్ళు అలాగే ఉన్నారట. తర్వాత ఒడ్డుకి చేరుస్తూ ఇంకో మాట కూడా అన్నాడు. "ఇక్కణ్ణుంచి ఏమీ తీసుకెళ్ళకూడదు. గులకరాయి కూడా. పార్కు రూలు." శ్రీసత్య తలూపింది.

ఒడ్డంతా బూడిదరంగు రాళ్ళే. కోడిగుడ్డంత రాయి ఒకటి ఏరింది. బావగారు రెండడుగుల వెనక చేతులు కట్టుకుని నిలబడ్డారు. నీళ్ళవైపు తిరిగి నోరు తెరిచింది. నాలుకమీద పేరు సిద్ధంగా ఉంది. ఉదయ్ అనాలి. అతను ఎక్కడున్నా గుర్తుపట్టే పిలుపు అదొక్కటే. కానీ వెనక బావగారు గొంతు సవరించుకున్నారు. అంతే. అయిదేళ్ళ భయం పేరుని మళ్ళీ లోపలికి తోసేసింది.

"ఏవండీ... రండి. ఇంటికెళ్ళిపోదాం రండి."

ఏమీ లేదు.

"ఏవండీ..."

చిటచిటలు ఆగిపోయాయి. పాయ మొత్తంలో, అన్ని గడ్డలూ, ఒక్కసారే.

"ఏవండీ, రండి!"

ఎదుటి మంచుగడ్డ మీదున్న సీల్స్ అన్నీ ఒకదానివెనక ఒకటి నీళ్ళలోకి జారిపోయాయి. నీటికుక్కలు పిల్లల్ని నోట కరుచుకుని మునిగాయి. చేతిలో రాయి గిన్నెడు నీళ్ళు పట్టుకున్నంత బరువెక్కింది. ముసలాయన పడవలోంచి ఏదో కేకవేశాడు, తొందరగా రమ్మని కాబోలు. శ్రీసత్యకి భయం వెయ్యలేదు. వచ్చాడు, నా పిలుపు విన్నాడు అని సంబరపడి రాయిని కొంగున ముడేసుకుంది.

తిరుగుప్రయాణంలో ఎయిర్‌పోర్టువాళ్ళు దాన్ని ప్లాస్టిక్ ట్రేలో వెయ్యమన్నారు. సన్యాసిరాజు ట్రే కింద అరచెయ్యి పెట్టి, బెల్టుతోపాటు తనూ నడిచాడు. పోలీసు కేకలేసేదాకా చెయ్యి తియ్యలేదు. ఆ మాత్రం పట్టింపు ఆ ఒడ్డున ఇంకో విషయంలో చూపించి ఉంటే బాగుండేదని శ్రీసత్య తర్వాత చాలాసార్లు అనుకుంది.

ఇంట్లో ముందుగదిలో దక్షిణపు మూల ఇత్తడి పళ్ళెంలో రాయిని ఉంచారు. జూన్ నెల. వాన జాడ లేదు. మేడమీద ఆరేసిన బట్టలు సాయంత్రానికి నల్లధూళి పట్టి కరకరలాడుతున్నాయి. అంత ఉక్కలోనూ తెల్లారేసరికి పళ్ళెం బయటంతా చెమటపట్టి ఉండేది. నీళ్ళలో వేలు పెడితే జిల్లుమనేది.

"నా గుంటడు ఒచ్చేసినాడు. సల్లదనం ఒంటబట్టించుకొచ్చినాడు" అని నూకాలమ్మ మురిసిపోయింది. రోజూ పొద్దున్నే ఆ నీళ్ళు చేతిలో పోసుకుని, కళ్ళకద్దుకుని, తీర్థంలా తాగేది. పళ్ళెంలో మళ్ళీ కొత్తనీళ్ళు పోసేది. మోకాళ్ళ నొప్పులతో నాలుగేళ్ళనుంచీ మేడ మెట్లెక్కని మనిషి, ఆ మూలే మంచం వేయించుకుని, "ఒరే ఉదయా, తిన్నావా? ఒరే ఉదయా, ఇనపడతందా?" అని కబుర్లు చెప్పేది. కొడుకుకి ఇష్టమని కంది పచ్చడి చేయించి ముద్ద పెట్టించేది. కాకులు గోడమీదకి వచ్చేవి, ముద్దకేసి చూసేవి, ముట్టుకోకుండా ఎగిరిపోయేవి.

ఒక మధ్యాహ్నం శ్రీసత్య పెరటి గుమ్మంలో అంట్లు తోముతోంది. గోడమీద పిల్లి కనిపించింది. చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

"ఏవండీ, పాలు కావాలాండీ?"

చిట్.

ముందుగదిలోంచి. ఎక్కడో విన్న శబ్దం. పిల్లి వీపు విల్లులా లేచింది, ఒళ్ళంతా ముళ్ళైంది. గోడ దూకి పారిపోయింది. మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.

గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది. లోపల నూకాలమ్మ ఎప్పట్లా "ఒరే ఉదయా... ఒరే ఉదయా" అంటోంది. పళ్ళెం పలకలేదు. తల్లి రోజంతా పేరు పెట్టి పిలుస్తూనే ఉంది, ఒక్కసారీ పలకలేదు. శ్రీసత్య ఆ సంగతి అప్పుడే గమనించింది.

సాయంత్రం గ్యాస్‌బండ వచ్చింది. మాట ఎక్కడ ఆపుకోవాలో తెలిసేలోపే అలవాటు నోట్లోంచి దూకేసింది. "ఏవండీ, లోపల పెట్టండీ." చిట్. వెంటనే, పిలిస్తే ఊఁ కొట్టినట్టు. గ్యాస్ కుర్రాడు "ఇంట్లో ఏసీ పెట్టించారా అక్కా?" అని భుజాలు రుద్దుకుంటూ వెళ్ళిపోయాడు.

తొమ్మిదోరోజు సందెవేళ మబ్బు కమ్మింది. గాలి లేదు. కరెంటు పోయింది. అత్త మంచంమీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. దీపం ఒక్కటే వెలుగు. శ్రీసత్య పళ్ళెం ముందు మోకాళ్ళమీద కూర్చుంది. రేపు పొద్దున్నే రాయిని సముద్రంలో కలిపేస్తారు. తన గాజులు తీసేస్తారు. ఈలోపు తెలుసుకోవాలి.

"ఉదయ్" అంది, అత్తకి వినపడకుండా.

దీపం కదల్లేదు.

"ఉదయ్... నేనే. తలుపు గడియపెట్టుకున్నాననుకో. పలుకు."

ఏమీ లేదు. బయట కుక్క ఒకటి మొరిగి ఊరుకుంది. ఆమెకి ఏడుపొచ్చింది. పిలవకూడదనుకుంటూనే పిలిచింది.

"ఏవండీ..."

చిట్.

దీపం ఒత్తి ఆమెవైపు వంగింది. వాసన వచ్చింది. ఉదయ్ ఒంటిది డీజిలూ సబ్బూ కలిసిన వాసన. ఇది అది కాదు. తడిసిన ఉన్ని... చేపనూనె... ఎవరో ఎప్పుడో కాల్చిన పొగాకు...

"మీరు... ఎవరండీ?"

చిట్... చిట్... 

ఈసారి పళ్ళెంలోంచి కాదు. వెనకనుంచి. దగ్గరగా.

చిట్...

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. వెనక్కి తిరిగితే నూకాలమ్మ మంచంమీద లేచి కూర్చుని ఉంది. కళ్ళు విప్పి కోడలికేసే చూస్తోంది.

"ఏటే, ఒణుకుతన్నావ్?" అంది.

తెల్లారి కార్యానికొచ్చిన సన్యాసిరాజుని శ్రీసత్య మేడమెట్ల దగ్గర ఆపేసింది. ఉన్నదంతా చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది.

"అక్కడే పేరెట్టి పిలిసెయ్యాల్సింది గదా నువ్వు?"

"మీరు వెనకే ఉన్నారు కదా బావగారూ. పిలవనిచ్చారా? అత్తయ్య ఏం చెప్పి పంపించారో మీరు వినలేదా? ఏవండీ అంటే ఎవరైనా వస్తారు. ఎవరో వచ్చారు."

ఆయన మెట్టుమీద కూలబడ్డాడు. తలొంచుకుని గొణిగాడు. "ఇప్పుడీ మాట అమ్మతోన అనకు. సచ్చిపోద్ది. పంతులుగారొచ్చేసినారు, సుట్టాలొచ్చేసినారు. ఎవులైతే ఏటి... కార్యం అయిపోనీ."

"ఆయన అక్కడే ఉండిపోయారు బావగారూ. ఆ చలిలో. పిలవడానికి వెళ్ళి, ఆయన్ని కాకుండా ఇంకొకర్ని తెచ్చుకున్నాం. మళ్ళీ వెళ్దాం."

"మల్లీ ఎల్లడానికి అదేటన్నా ఎలమంచిలేటమ్మా?" అని ఆయన కసురుకున్నాడు. కసురుకుని, కండువాలో మొహం దాచుకున్నాడు.

అప్పికొండ బీచిలో కార్యం లోటు లేకుండా జరిగింది. నలుగురు ముసలమ్మలు శ్రీసత్య చుట్టూ కూర్చుని శోకాలు పెడుతూ గాజులు పగలగొట్టారు. ముక్కూ మొహం తెలియని ఎవడికోసమో తన బొట్టు చెరిగింది. ఎవడో మంచుదేశపువాడికి తన మొగుడి ముద్ద, తన మొగుడి మంత్రం, తన మొగుడి సముద్రం దక్కాయి. ఆఖరికి రాయి చేతికిచ్చి విసరమన్నారు. అది తేలిగ్గా ఉంది. చల్లగా కూడా లేదు. లోపల ఏమీ లేని ఒట్టి గులకరాయిలా ఉంది. ఆమె చెయ్యి ఆగిపోయింది. "ఇసిరేయమ్మా" అన్నారెవరో. విసిరేసింది.

ఆ తర్వాత ఇల్లు ప్రశాంతంగానే ఉంది. పళ్ళెం తోమి అటకెక్కించారు. చిటచిటలు లేవు. బంధువులు వెళ్ళిపోయారు. నూకాలమ్మ మాత్రం మంచం ఆ మూలనుంచి తియ్యనివ్వలేదు. ఎక్కువ మాట్లాడ్డం లేదు. కొడుకు పోయిన తల్లి కదా అని అందరూ సరిపెట్టుకున్నారు. మైల పోయాక సన్యాసిరాజు గంగవరం నుంచి వంజరం చేప తెచ్చిచ్చాడు. శ్రీసత్య ముక్కలు కడిగి పెట్టి ఉప్పుకోసం వెళ్ళొచ్చేసరికి గిన్నెలో నాలుగు ముక్కలు తక్కువున్నాయి. అత్త మూతి తడిగా ఉంది. కొంగుతో తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది. పిల్లి తినేసిందేమో అనుకోడానికి ఆ ఇంట్లో పిల్లి కూడా లేదు.

ఒకటి మాత్రం శ్రీసత్య ఎవరికీ చెప్పలేకపోయింది. కార్యం అయిన రోజునుంచీ ఆ ముసలావిడ నోట ఉదయ్ అన్న పేరు రాలేదు. గోడమీద దండేసిన ఫోటోకేసి చూస్తుంది. పరాయివాణ్ణి చూసినట్టు చూసి, కళ్ళు తిప్పేసుకుంటుంది.

ఆ సాయంత్రం శ్రీసత్య ఒక్కతే మేడమీదకి ఎక్కింది. అవతల స్టీల్‌ప్లాంటు మీద ఆకాశం ఎర్రగా ఉంది. ఇటు సముద్రం. ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ ఎక్కడో ఒకచోట కలిసే ఉంటాయి. ఇంకెవరి ఆయుష్షు తరుగుతుంది? ఎవరి పుణ్యం పోతుంది? పిట్టగోడ పట్టుకుని, గుండెలో ఉన్నదంతా గొంతులోకి తెచ్చుకుని, వీధి వీధంతా వినేటట్టు అరిచింది.

"ఉదయ్! ఉదయ్! ఇంటికి రా, ఉదయ్!"

కింద ఎవరో తలుపు తీసి చూశారు. సముద్రం మీదనుంచి వేడిగాలి తప్ప ఏమీ రాలేదు. ఆ పేరు తెలిసి పిలిచేది లోకంలో ఇక తనొక్కతే అనిపించి ఆమెకి దుఃఖం ఆగలేదు. ఇంకోసారి పిలవబోయింది.

వెనక మెట్లమీద అడుగుల చప్పుడు... మెల్లగా... తడబడకుండా...

నాలుగేళ్ళుగా మెట్లెక్కని మనిషి, చేతికర్ర లేకుండా, మేడమీద నిలబడి ఉంది. ఒళ్ళంతా చెమటలు కారే ఆ ఉక్కలో, నూకాలమ్మ నోట్లోంచి ఊపిరి తెల్లగా పొగలా వస్తోంది. గొంతులో ఎక్కడో, లోతుగా, చిట్... అంది.

"అత్తయ్యా..." అంది శ్రీసత్య.

ముసలావిడ కొంచెం నవ్వింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ నూకాలమ్మ ఎవర్నీ మన్నించి మాట్లాడి ఎరగదు. ఇప్పుడు వచ్చిన మాటలో ఆవిడ యాస లేదు. అది అచ్చం శ్రీసత్య మాటే, ఆ ఒడ్డున పలికిన గోదావరి మాటే.

"అలా కాదండీ..." అంది. "అక్కడ పిలిచినట్టు పిలవండి."